టీ గ్లాసు చెరువు

మొన్న వేసవి దాకా నూకరాజు తన జీవితంలో తుడవకుండా వదిలేసిన మరక ఒక్కటే.

వెంపలూరు రైలుగేటు వీధిలో ముప్ఫయ్యేళ్ళుగా టీ కొట్టు నడుపుతున్న మనిషి అతను. భుజం మీద తువ్వాలు పెళ్ళిపీటల మీద కూడా దించలేదని భార్య వరహాలు ఇప్పటికీ దెప్పుతుంటుంది. బల్ల మీద చుక్క పడిందంటే చాలు, చెయ్యి దానంతటదే తువ్వాలు మీదకి పోతుంది. కబుర్లలో పడి ఎదుటివాళ్ళ మూతి కూడా తుడిచేసిన సందర్భాలున్నాయి.

రెండేళ్ళ కిందట ఒకరోజు అతను ఎప్పట్లాగే మునిసిపల్ ఆఫీసుకి టీలు పట్టుకెళ్ళాడు. టౌన్ ప్లానింగ్ సెక్షన్లో డ్రాఫ్ట్స్‌మన్ ఫణిభూషణం గారి బల్ల మీద దుప్పటంత కాయితం పరిచి ఉంది. ఊరి మాస్టర్ ప్లానట. ఏ వీధిలో ఇళ్ళుండాలో, ఎక్కడ కొట్లుండాలో అన్నీ అందులో గీశారట. ఫణిభూషణం గారు దాని మీదే గ్లాసు పెట్టుకుని, రాజకీయాలు మాట్లాడుతూ అరగంట సేపు టీ తాగారు. గ్లాసు ఎత్తేసరికి కింద గుండ్రంగా మరక. నూకరాజు చెయ్యి తువ్వాలు మీదకి పోయింది.

"ఆగు!" అని ఫణిభూషణం గారు కుర్చీలోంచి లేచిపోయారు. "అది ప్రభుత్వ రికార్డు. ప్రైవేటు వ్యక్తి ముట్టుకుంటే కేసవుతుంది."

"మరకండి బాబూ. ఒక్క తుడుపు."

"మరకైనా సరే. రికార్డు మీద పడ్డాక అది కూడా రికార్డే."

నూకరాజు వచ్చేశాడు. వారం రోజులు అన్నం సయించలేదు. ఆ తర్వాత మర్చిపోయాడు.

మొన్న వేసవిలో నోటీసు వచ్చింది. బిల్ కలెక్టరు దాన్ని కొట్టు తలుపుకి అంటించి, ఉచితంగా ఒక టీ తాగి, మూతి తుడుచుకుని వెళ్ళిపోయాడు. పక్కన సైకిల్ షాపు సూరిబాబు గట్టిగా చదివాడు.

"మీరు పేరులేని జలవనరు నంబరు ఏడు యొక్క గర్భమునందు, దాదాపు నడిమధ్యమున, తేనీటి దుకాణము నిర్మించి, సదరు జలవనరును ఆక్రమించియున్నారు. పదిహేను దినములలోగా స్వయముగా తొలగించుకొననిచో యంత్రముతో తొలగించబడునని ఇందుమూలముగా తెలియజేయడమైనది."

"జలవనరంటే?" అంది వరహాలు.

"చెరువు," అన్నాడు సూరిబాబు.

ముగ్గురూ వీధికేసి చూశారు. తారురోడ్డు ఎండకి పొగలు కక్కుతోంది. ఎదురుగా పంపు దగ్గర బిందెలు నాలుగు రోజుల్నించీ వరసలో ఉన్నాయి. ఆ వీధికి నీళ్ళ కోసం అర్జీ పెట్టి ఆరేళ్ళయింది.

"చెరువే ఉంటే ఈ బిందెలెందుకయ్యా?" అంది వరహాలు.

నూకరాజు నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. ఆ కొట్టు వాళ్ళ నాన్న రైల్వే వాళ్ళు పారేసిన చెక్కల్ని ఒక్కొక్కటే మోసుకొచ్చి కట్టింది. నూకరాజుకి అది తప్ప ఇంకో పని రాదు, ఇంకో చోటు లేదు. నోటీసులో మాటలు సగం అర్థం కాలేదు గానీ, యంత్రం అన్న మాట బాగా అర్థమైంది. అతనికి భయం వేసింది.

మర్నాడు మునిసిపల్ ఆఫీసులో టౌన్ ప్లానింగ్ ఆఫీసరు దక్షిణామూర్తి గారి ముందు నిలబడ్డాడు. దక్షిణామూర్తి గారు పరమ నిజాయితీపరుడు. లంచం తీసుకోరు, జాలి కూడా తీసుకోరు. గోడ మీద కొత్త మాస్టర్ ప్లాను తళతళలాడుతోంది. కంప్యూటర్లో తయారై, రాజధాని నించి చట్రం కట్టించుకుని వచ్చింది. రైలుగేటు వీధి ఉండవలసిన చోట చక్కగా, గుండ్రంగా, నీలంగా ఒక చెరువు ఉంది.

"అక్కడ చెరువు లేదండి," అన్నాడు నూకరాజు.

"చెరువు లేదంటావా, నీళ్ళు లేవంటావా? స్పష్టంగా చెప్పాలి."

"రెండూ లేవండి. రోడ్డుందండి."

దక్షిణామూర్తి గారు సొరుగులోంచి కొత్త ఉత్తర్వు తీసి, నిలబడి చదివారు. ఉత్తర్వులు ఆయన కూర్చుని చదవరు. "మాస్టర్ ప్లానునందు నీలివర్ణముతో చూపబడిన ప్రతి ప్రదేశమును జలవనరుగా భావించవలెను. సదరు ప్రదేశమునందు నీరు కానరానిచో, అట్టి నీటి లేమిని ఆక్రమణకు తిరుగులేని సాక్ష్యముగా పరిగణించవలెను." కాయితం దించి, నూకరాజుకేసి బాధగా చూశారు. "నీ కొట్టు చుట్టుపక్కల చుక్క నీరు లేదని నువ్వే ఒప్పుకుంటున్నావు. ఎంత దారుణంగా ఆక్రమించావో చూడు."

"మరి నీళ్ళుండి ఉంటేనండి?"

"నీళ్ళుంటే చెరువున్నట్టే కదా!"

నూకరాజు ఆ మాటని ఇటు తిప్పి చూశాడు, అటు తిప్పి చూశాడు. ఎటు తిప్పినా కొట్టే పోతోంది.

"పన్నెండెకరాల పదమూడు సెంట్ల జలవనరయ్యా," అన్నారు దక్షిణామూర్తి గారు మురిసిపోతూ. "ఇంత ఖచ్చితమైన వలయాకారం జిల్లాలో ఇంకోటి లేదు. తూర్పు గట్టున ఈ చిన్న సందు చూశావా? తూము. మన పూర్వీకుల సాంకేతిక పరిజ్ఞానం అలాంటిది."

"వీధిలో ఇంకా నలభై కొట్లున్నాయి కదండీ. ముందు నాకే ఎందుకండి?"

"చెరువు ఖాళీ చేయించేటప్పుడు లోతున్న చోట మొదలుపెట్టాలి. అదీ పద్ధతి. పదిహేనో రోజున కమిషనర్ గారి సమక్షంలో విచారణ ఉంటుంది. నీ అభ్యంతరాలు అక్కడ చెప్పుకో. అందాకా జలవనరు పరిరక్షణ చర్యలు జరుగుతుంటాయి. నాలుగు టీలు పంపించు, రెండు పంచదార లేకుండా."

పరిరక్షణ మర్నాడే మొదలైంది. వీధికి రెండు చివర్లా బోర్డులు పాతారు. 'జాగ్రత్త! లోతైన నీరు. ఈత కొట్టరాదు. బట్టలు ఉతకరాదు. గేదెలను కడగరాదు.' వీధిలో పిల్లలు బోర్డు దగ్గరకి రాగానే ముక్కు మూసుకుని ఇవతల మునిగి, అవతల తేలుతున్నారు. పదింటి బస్సు బోర్డు ముందు ఆగిపోయింది. ప్రయాణికులు అరిచారు. డ్రైవరు చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"నాకున్నది బస్సు లైసెన్సండి. లాంచీ లైసెన్సు లేదు. మధ్యలో ఏదన్నా జరిగితే ఎవరు పూచీ?"

జనం మూటలు నెత్తిన పెట్టుకుని దిగి, చెరువులో నడుచుకుంటూ పోయారు. ఒక ముసలావిడ మాత్రం ఎందుకైనా మంచిదని చీర కుచ్చిళ్ళు పైకెత్తి పట్టుకుంది.

పదకొండింటికి ఆఫీసు అటెండరు గవర్రాజు టీలు చెప్పడానికి వచ్చాడు. ఒంటి మీద నారింజ రంగు లైఫ్ జాకెట్టు, మెడలో ఈల. చెమటతో ముద్దయిపోయాడు.

"ఏంటి గవర్రాజూ ఈ వేషం?" అన్నాడు నూకరాజు.

"సర్క్యులర్ వచ్చిందయ్యా. జలవనరులోకి దిగే సిబ్బంది తప్పకుండా తొడుక్కోవాలంట. మునిగితే ఈల వెయ్యాలంట." గవర్రాజు బల్ల మీద కూలబడ్డాడు. "చల్లగా మంచినీళ్ళుంటే ఇయ్యి బాబూ, చెరువులో దాహంతో చచ్చేలా ఉన్నాను."

మూడో రోజున చేపల శాఖ ఇనస్పెక్టరు రాజ్యలక్ష్మి గారు వ్యాన్లో వచ్చారు. వెనక పాలిథీన్ సంచుల్లో చేపపిల్లలు గిలగిల్లాడుతున్నాయి. జాబితాలో ఉన్న ప్రతి చెరువులోనూ చేపపిల్లల్ని వదలాలని ఆవిడకి పైనుంచి లక్ష్యం ఇచ్చారు. ఆవిడ రోడ్డు చూసింది, జాబితా చూసింది, మళ్ళీ రోడ్డు చూసింది.

"చెరువు ఏదండీ?"

"మీరు నిలబడింది చెరువులోనేనమ్మా," అన్నాడు నూకరాజు.

ఆవిడకి ఏడుపొక్కటే తక్కువ. "వీటిని వెనక్కి తీసుకెళ్తే లక్ష్యం తప్పుతుందండి. రోడ్డు మీద వదిల్తే చచ్చిపోతాయి. మీరే ఏదన్నా దారి చూపించండి. చెరువులో నివాసం ఉంటున్నది మీరే కదా."

నూకరాజుకి జాలేసింది. కొట్టు వెనక నీళ్ళ డ్రమ్ము చూపించాడు. చేపపిల్లల్ని అందులో వదిలారు. నీళ్ళు తప్ప ఇంకేమీ కనపడకుండా బాగా దగ్గర్నించి ఫోటో తీసుకున్నారు. ఫారం మీద 'చెరువు వాసి' అన్న చోట నూకరాజు చేత సంతకం పెట్టించారు. వరహాలు ఆ రోజంతా టీకి నీళ్ళు ముంచుతూ, ప్రతి చెంబులోకీ తొంగి చూసింది.

"సంతకం ఎందుకు పెట్టావయ్యా?" అంది సాయంత్రం. "చెరువులో ఉన్నావని నీ చేత్తో నువ్వే రాసిచ్చావు కదా!"

నూకరాజు అప్పటిదాకా ఆ సంగతి ఆలోచించలేదు. ఆలోచించాక పొయ్యి దగ్గర అలాగే కూర్చుండిపోయాడు. పాలు పొంగిపోయినా తుడవలేదు. ముప్ఫయ్యేళ్ళలో అతను అలా ఉండగా వరహాలు చూడలేదు. ఆవిడ ఇంకేమీ అనకుండా తనే గుడ్డ తీసుకుని తుడిచింది.

పదిహేనో రోజు పొద్దున్నే పొక్లెయిన్ వచ్చి కొట్టు ముందు నిలబడింది. విచారణ ముగిసిన గంటలో పని పూర్తి కావాలని డ్రైవరుకి చెప్పారట. నూకరాజు అతనికి కూడా ఒక టీ ఇచ్చాడు. విచారణకి ఆఫీసు వాళ్ళకి కావలసిన టీల స్టాండు ఒక చేత్తో, నోటీసు ఇంకో చేత్తో పట్టుకుని, వరహాలుతో కలిసి బయల్దేరాడు.

కమిషనర్ గారు పెద్ద కుర్చీలో ఉన్నారు. ఆయన ఏ సంగతి మీదా తొందరపడి అభిప్రాయం ఏర్పరచుకోరు. తీరిగ్గా కూడా ఏర్పరచుకోరు. ఆయన ముందు బల్ల మీద దక్షిణామూర్తి గారు ఒక పాత కాయితం పరిచారు.

"అభ్యంతరదారుడు జలవనరు ఉనికినే ప్రశ్నిస్తున్నాడు కనుక, మూల పటాన్ని సాక్ష్యంగా ప్రవేశపెడుతున్నాను. కంప్యూటర్ కంపెనీ వారు దీన్నే ఆధారం చేసుకున్నారు. ఇదిగో జలవనరు. ఇదిగో తూర్పు తూము."

నూకరాజు వంగి చూశాడు. గోధుమ రంగు గుండ్రం. తూర్పు వైపు చిన్న సందు. ఆ మరకని అతను ఎక్కడున్నా గుర్తుపడతాడు. వారం రోజులు అన్నం తిననివ్వని మరక అది.

చేతిలో స్టాండు వంక చూశాడు. అందులో ఒక గ్లాసుకి అడుగు అంచు చిన్న పెంకు లేచిపోయింది. పగిలిన గ్లాసు ఖాతాదారులకి ఇవ్వడం అతనికి ఇష్టం ఉండదు. అందుకని దాన్ని ఆఫీసుకే కేటాయించాడు. ఆ గ్లాసులో టీ కిటికీలోంచి పారబోసి, దాన్ని మెల్లగా మరక మీద పెట్టి, కొంచెం తిప్పాడు. అంచుకి అంచు అతికినట్టు సరిపోయింది. పెంకు లేచిన చోటు సరిగ్గా తూము దగ్గర ఆగింది.



"చెరువు కాదండి బాబూ," అన్నాడు నూకరాజు. "టీ అండి. నా గ్లాసండి ఇది. ఇంక నా కొట్టు ఉంచెయ్యండి."

ఫణిభూషణం గారు మూలనున్న బీరువాలో ఏదో వెతకడం మొదలుపెట్టారు. కమిషనర్ గారు దక్షిణామూర్తి గారికేసి చూశారు. దక్షిణామూర్తి గారు గ్లాసు ఎత్తి మరకని చూశారు. మళ్ళీ పెట్టి చూశారు. ఆయన మొహం మెల్లగా వెలిగింది. పొరపాటు దొరికిందన్న వెలుగు కాదది. కొత్త సెక్షన్ దొరికిందన్న వెలుగు.

"గ్లాసు ఎవరిది?"

"నాదేనండి."

"అందులో టీ ఎవరు కాచారు?"

"నేనేనండి."

"అంటే ఈ జలవనరుని ఏర్పాటు చేసింది నువ్వే." ఆయన లేచి నిలబడ్డారు. "సార్, ఇది ఆక్రమణ కేసు కాదు. అంతకన్నా తీవ్రమైనది. ప్లాను ఆమోదం లేకుండా, పునాది తనిఖీ లేకుండా, ఊరి నడిబొడ్డున పన్నెండెకరాల జలవనరును అక్రమంగా నిర్మించిన కేసు!"

"అయ్యో, గ్లాసు అక్కడ పెట్టింది ఫణిభూషణం గారండి!"

"నేను ఉంచాను. నిర్మించలేదు," అన్నారు ఫణిభూషణం గారు బీరువాలోంచి.

కమిషనర్ గారు గొంతు సవరించుకున్నారు. "నిర్మాణదారుడు ఎవరో తేలింది కాబట్టి టీ కొట్టు విషయం తర్వాత చూద్దాం. ముందు చెరువు సంగతి తేలాలి. అక్రమ నిర్మాణాలకి చట్టంలో ఏం రాసుంది?"

"క్రమబద్ధీకరణ చేసుకోవచ్చు సార్. లేదా కూల్చివెయ్యాలి. రెంటికీ ఫారాలున్నాయి."

నూకరాజు, వరహాలు వరండాలో కూర్చుని మొదటి ఫారం నింపడానికి కుస్తీ పట్టారు. గవర్రాజు చదివి పెట్టాడు. నిర్మాణానికి ఎన్ని అంతస్తులు? 'ఒకటే, కిందకి' అని రాశారు. వంటగది ఏ మూల? గాలీ వెలుతురూ ధారాళంగా వస్తాయా? వస్తాయి. వర్షపు నీరు వృథా కాకుండా ఇంకుడు గుంత తవ్వించారా?

"చెరువులో ఇంకుడు గుంతేంటి బాబూ?" అంది వరహాలు.

"లేకపోతే ఫారం తిరగ్గొడతారమ్మా," అన్నాడు గవర్రాజు. "ఇంకోటుంది. నిర్మాణానికి నాలుగు వైపులా ఖాళీ వదలాలి. అంటే చెరువు చుట్టూ ఉన్న ఇళ్ళు కూడా తీయించాల్సి ఉంటుంది."

నూకరాజు తల పట్టుకున్నాడు. వరహాలు మాత్రం రెండో ఫారాన్ని ఇటూ అటూ తిప్పి చూస్తోంది.

"ఇందాక చెరువు ఎవరిదన్నారయ్యా?"

"మనదేనంట."

"మనదైతే మనిష్టం. కూల్చేద్దాం."

నూకరాజు పెళ్ళాం వంక అప్పుడే కొత్తగా చూసినట్టు చూశాడు.

కూల్చివేత ఫారంలో మూడే ప్రశ్నలున్నాయి. నిర్మాణం ఎవరిది, కూల్చడానికి ఇష్టమేనా, లోపల మనుషులున్నారా. దక్షిణామూర్తి గారికి అభ్యంతరం దొరకలేదు. ఆయన చాలాసేపు వెతికారు. ఆఖరికి సంతకం పెడుతూ, అంత అందమైన వలయం పోతోందని నిజంగానే కళ్ళు తుడుచుకున్నారు.

మధ్యాహ్నం మూడింటికి వీధి మొత్తం బయటికి వచ్చింది. కొట్టు కూల్చడానికి వచ్చిన పొక్లెయిన్‌నే చెరువు కూల్చడానికి వాడమని ఆదేశాలిచ్చారు. సిబ్బంది అందరూ లైఫ్ జాకెట్లు తొడుక్కున్నారు. దక్షిణామూర్తి గారు టేపుతో వలయం అంతా కొలిపించి సున్నంతో గీత గీయించారు. డ్రైవరు కిందకి వంగి అడిగాడు.

"ఏది కూల్చాలండి?"

"చెరువు."

"ఎక్కణ్ణించి మొదలెట్టమంటారు?"

"తూము నించి," అన్నారు దక్షిణామూర్తి గారు తడబడకుండా.

తూము అంటే తూర్పున కిళ్ళీకొట్టు పక్కనున్న కరెంటు స్తంభం. దానికి తగలకుండా డ్రైవరు యంత్రాన్ని కదిపి, గాల్లోకి తొట్టె ఎత్తి, గాలి నింపి, పక్కకి తిప్పి పారబోశాడు. "ఇంకా లోతుగా!" అన్నారు దక్షిణామూర్తి గారు. ఇంకోసారి పారబోశాడు. అలా వీధి పొడుగునా ఇరవై తొట్టెల గాలి తీశారు. సూరిబాబు చప్పట్లు కొట్టాడు. తొట్టె తమ మీదుగా వెళ్తుంటే ఆడవాళ్ళు తడుస్తామేమోనని పక్కకి జరిగారు. తన కొట్టు దగ్గరకి వచ్చేసరికి మాత్రం నూకరాజు వరహాలు చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. తొట్టె పైకప్పుకి జానెడు ఎత్తున మెల్లగా వెళ్ళిపోయింది.

'పేరులేని జలవనరు నంబరు ఏడు పూర్తిగా కూల్చివేయబడినది. శిథిలములు తొలగించబడినవి' అని దక్షిణామూర్తి గారు రిపోర్టు రాశారు. గవర్రాజు ఈల వేసి, లైఫ్ జాకెట్టు విప్పి నేలకేసి కొట్టాడు. బోర్డులు పీకేశారు. ఐదింటి బస్సు వీధిలోంచి వెళ్ళింది. ఆ రాత్రి వరహాలు డ్రమ్ములో కాస్త ఎదిగిన చేపల్ని ఏరి పులుసు పెట్టింది. నూకరాజు చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాడు.

నెల తిరక్కుండా కొత్త మాస్టర్ ప్లాను తయారైంది. ఈసారి పొరపాటు జరగకూడదని ఆఫీసులో గట్టి సర్క్యులర్ వేశారు. 'పటముల సమీపమునకు గాజు గ్లాసులు తీసుకురారాదు.' గ్లాసులు నిషేధించారు కాబట్టి ఆఫీసుకి కొత్తగా పింగాణీ కప్పులూ సాసర్లూ కొన్నారు. ఒక్కొక్క సాసరు చిన్నసైజు పళ్ళెమంత ఉంది.

కమిషనర్ గారు పటం మీద ఆఖరి సంతకం పెట్టే రోజున నూకరాజే కెటిల్‌తో టీ పట్టుకెళ్ళి, ఆయనకీ, దక్షిణామూర్తి గారికీ, ఫణిభూషణం గారికీ కప్పుల్లో పోశాడు. పోస్తూ ముందుగా పటంలో తన వీధి వెతుక్కున్నాడు. ఎర్రగా, శుభ్రంగా, కొట్లకి వేసే రంగులో ఉంది. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కమిషనర్ గారు టీ సాసర్లో పోసుకుని, జుర్రుకుని, సంతకం కోసం సాసరు పటం మీద పెట్టారు. సంతకం అయ్యాక ఎత్తారు.

పటం మీద పెద్ద గుండ్రం. మునిసిపల్ ఆఫీసు, పక్కన కమిషనర్ గారి బంగళా, దక్షిణామూర్తి గారి మూడంతస్తుల కొత్త ఇల్లు, ఫణిభూషణం గారి వీధి, అన్నీ అందులో హాయిగా ఇమిడిపోయాయి.

నూకరాజు చెయ్యి దానంతటదే తువ్వాలు మీదకి పోయింది. పాపం, అతను నిజంగా తుడుద్దామనే ముందుకి వంగాడు.

"ఆగు!" అని ముగ్గురూ ఒక్కసారే అరిచారు. ఫణిభూషణం గారి గొంతు అందరికన్నా పైన వినపడింది. "ఎన్నిసార్లు చెప్పాలయ్యా నీకు? ప్రభుత్వ రికార్డు! సంతకం కూడా అయిపోయింది!"

నూకరాజు తువ్వాలు మళ్ళీ భుజాన వేసుకున్నాడు.

"చిత్తమండి," అన్నాడు. కప్పులూ సాసర్లూ తీసుకుని, కడిగి, బోర్లించి, కొట్టుదారి పట్టాడు. ఈసారి అన్నం సయించకపోవడం లాంటిదేమీ జరగదని అతనికి దారిలోనే తెలిసిపోయింది.

కొట్టులో వరహాలు పొయ్యి రాజేస్తోంది. నూకరాజు తిన్నగా వెనక్కి వెళ్ళి డ్రమ్ములోకి తొంగి చూశాడు.

"చేపపిల్లలు ఇంకా ఏమన్నా మిగిలాయా?"

"ఓ పాతికుంటాయి. ఏం, పులుసు పెట్టనా?"

"వద్దొద్దు, వాటిని జాగ్రత్తగా చూడు," అన్నాడు నూకరాజు. "కమిషనర్ గారింటికి పంపాలి."